పెట్టెలో ఆఖరి కార్డు

"ఆ అద్దం తియ్యి తల్లీ. లోపల పెట్టెలో ఆఖరి కార్డు నాది" అంది పెద్దావిడ.

మ్యూజియం అధికారిణి చేతిలో తాళాలగుత్తి ఉంది గానీ, తీసే ఉద్దేశం ఉన్నట్టు లేదు. పాత కంప్యూటర్ల గదికి రేపు ఉదయం ప్రారంభోత్సవం. ఇవాళ అప్పటి ఉద్యోగులకు మాత్రమే చూపిస్తున్నారు. వచ్చినవాళ్ళు బీరువాలంతేసి యంత్రాల పక్కన ఫొటోలు దిగి, టీ తాగి వెళ్ళిపోయారు. ఈవిడ ఒక్కతే, అప్పట్లో కంప్యూటర్‌కి ప్రోగ్రాము అందించిన చిల్లుల అట్టకార్డుల పెట్టె ముందు పాతుకుపోయింది.

"అది టెలిఫోన్ డైరెక్టరీ అచ్చువేసిన ప్రోగ్రామమ్మా. కార్డుకి కార్డు వరసలో ఉండాలి. ఒకటి తీస్తే మొత్తం పాడవుతుంది."

"ఏమీ పాడవదు. ఆ కార్డుని యంత్రం చదవదు. మొదటి గడిలో గుర్తు ఉంటే, ఇది మనుషులు రాసుకున్న మాటలే అని వదిలేసి ముందుకి పోతుంది. పదకొండేళ్ళు ఈ కార్డులకి చిల్లులు పొడిచినదాన్ని, నాకు చెప్తావేం? తప్పులేనమ్మ అనేవాళ్ళు నన్ను ఆఫీసులో."

అధికారిణి మొహం విప్పారింది. "అయితే ఈ ప్రోగ్రామర్ గారి వ్యాఖ్యలన్నీ కొట్టింది మీరేనా? వాటికోసమే కదా ఈ పెట్టె ఇక్కడ పెట్టాం. రేపు ఒక్కొక్క కార్డూ చదివించి పెద్ద తెరమీద వేస్తున్నాం. 'చంద్రుడి మీద ఇళ్ళు కడతారట. అక్కడివాళ్ళ ఫోన్ నంబర్లకి ఇందులో చోటు లేదు, మన్నించాలి' అని రాశారు చూడండి."

"'బల్లమీద పట్టే కంప్యూటర్ వస్తుందని పేపర్లో వేశారు. టీ గ్లాసు ఎక్కడ పెట్టుకోవాలో వెయ్యలేదు.' అదీ నేనే కొట్టాను" అంది తప్పులేనమ్మ. నవ్వబోయి, సగంలో ఆగిపోయింది.

పొద్దున్నే పేపర్లో సైన్సు వార్త ఏదో చూడటం, దానిమీద ఓ చెణుకు తన ప్రోగ్రాములో ఇరికించటం ఆయన అలవాటు. యంత్రం పట్టించుకోదు, పై అధికారులు చూడరు. చదివేది కొట్టే మనిషి ఒక్కతే. అవి తనకోసమే రాస్తున్నాడని తెలుసుకోవడానికి ఆవిడకి ఏడాది పట్టింది. జవాబు కొట్టే ధైర్యం రావడానికి ఇంకో ఏడాది. ఆ జవాబే పెట్టెలో ఆఖరి కార్డు.

"రేపు తెరమీద అదీ పడుతుందా?"

"అన్నీ పడతాయమ్మా."

"అందుకే తియ్యమంటున్నా. మనవరాళ్ళని తీసుకొస్తానని మాటిచ్చాను" అంది. అది సగం నిజం. పరువు కోసమే అయితే రేపు ఒంట్లో బాగోలేదని ఇంట్లో కూర్చుంటే సరిపోయేది. ఆయన చేతుల్లో తిరిగిన కార్డు అది. ఒక్కసారి పట్టుకు చూడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది.

"ఆయన పోయాక వాళ్ళ చెల్లెలు తెచ్చి ఇచ్చారు" అంది అధికారిణి. "ఇల్లు మారినప్పుడల్లా సామానుతో పంపకుండా, ఈ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేవారట."

"ఒళ్ళోనా?"

అధికారిణి అవునంది. పెద్దావిడ దగ్గర్లో ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"మరి అంత దాచుకున్న మనిషి రమ్మన్నచోటికి ఎందుకు రాలేదమ్మా? పద్నాలుగో తారీకు, శనివారం. లైబ్రరీ మూసి తాళం వేసేదాకా మెట్లమీద నిలబడ్డాను. సోమవారం ఆఫీసులో ఎదురుపడి మొహం తిప్పుకుని పోయాడు. ఆ రోజునుంచీ ఆయన ప్రోగ్రాముల్లో ఒక్క చెణుకు లేదు. అదే జవాబనుకున్నాను. ఇష్టం లేదని ఓ ముక్క చెప్తే నోరు అరిగిపోతుందా అని ఏడ్చి, వేరే సెక్షన్‌కి మార్పించుకున్నాను."

అధికారిణి కాసేపు తాళాలగుత్తి అటూ ఇటూ తిప్పింది. "రాసినవాళ్ళు వద్దంటే తియ్యొచ్చమ్మా. కానీ మీదేనని రుజువుండాలి కదా. ఊరికే తీస్తే నాకు అక్షింతలు పడతాయి."

"రుజువంటే ఏం చెప్పను? నేను కొట్టిన ప్రతి కార్డునీ పక్కసీటావిడ మళ్ళీ కొట్టి సరిచూసేది. అక్షరం తేడా ఉంటే ఆవిడ యంత్రం ఆగిపోయేది. ఇదొక్కటే ఆవిడకి ఇవ్వలేదు. ఇస్తే సాయంత్రానికల్లా ఆఫీసంతా టాంటాం. గబగబా కొట్టి దొంగతనంగా ఆయన కట్టలో చివర దూర్చేశాను."

"అయితే ఇప్పుడు నేను సరిచూస్తాను. మీరు చెప్పండి."

అద్దం తలుపు తెరుచుకుంది. అధికారిణి చేతులకి తొడుగులు వేసుకుని, ఆఖరి కార్డు తీసి కిటికీ వెలుగుకి ఎత్తిపట్టింది. ఏ చిల్లు ఏ అక్షరమో చెప్పే పట్టిక రెండో చేతిలో ఉంది. ఒకప్పుడు చిల్లులు చూసి గడగడా చదివేసిన పెద్దావిడ కళ్ళకి ఇప్పుడు శుక్లాలు. అయినా ఆవిడకి చూసే పని లేదు. కుడిచేతి వేళ్ళు వాటంతటవే మోకాలిమీద కదులుతున్నాయి.

"చంద్రుడి దాకా అక్కర్లేదు" అంది.

ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన మాటల్ని అధికారిణి ఒక్కొక్కటే పట్టికతో పోల్చుకుంది. "సరిపోయింది."

"లైబ్రరీ మెట్ల దగ్గర చాలు."

"సరిపోయింది" అంది అధికారిణి.

"సాయంత్రం."

"సరిపోయింది."

"తారీకు పద్నాలుగు. ఒకటి, నాలుగు. అంతే."

అధికారిణి పట్టిక చూసింది. కార్డుని ఇంకాస్త వెలుగులోకి జరిపి మళ్ళీ చూసింది.

"ఒకటి సరిపోయిందమ్మా. రెండోది నాలుగు కాదు, అయిదు కొట్టారు."