తేలిక బండి

"ఆ పలక మాత్రం తీయకు బాబూ."

మెకానిక్ తలెత్తి చూశాడు. షెడ్డు గుమ్మంలో ఒక పెద్దావిడ, చేతిలో గొడుగు.

"మీరెవరమ్మా?"

"ఈ బండి మాదే. మొన్నటిదాకా."

ఆ మోటార్ సైకిలు దూరప్రయాణాల కోసం పుట్టిన ఏనుగు. ముందు నిలువెత్తు గాలి అద్దం, వెనక మూడు సామాన్ల పెట్టెలు, సోఫా లాంటి సీటు. దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మెకానిక్ అల్లుడు, జింకను చేసిపెట్టమన్నాడు.

తేలిక బండి కావాలని తేలిగ్గానే అడిగాడు. బండి బరువు తగ్గకపోతే మామ పరువు తగ్గుతుంది.

మూడు రోజులుగా నట్లు విప్పీ విప్పీ మెకానిక్ నట్టేట్లో ఉన్నాడు. నడుమైతే ఎప్పుడో చేతులెత్తేసింది.

"ఎడమ పెట్టె వెనకాల ఫ్రేముకి బిగించి ఉంది చూడు, ఇనుప పలక. అది ఉండాలి," అందామె.

"ఆరు కిలోలుంటుందమ్మా అది! నేనిక్కడ గ్రాముల కోసం ఏడుస్తుంటే!"

"బండి ఒకసారి గట్టిగా పడింది. ఫ్రేము రవంత వంగింది. అది లేకపోతే..."

"ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానమ్మా. కావాలంటే మీ ఆయన్ని పంపండి. మేమూ మేమూ మాట్లాడుకుంటాం."

"ఆయన్నా?" ఆమె నవ్వింది. "సరే గానీ, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"మా అమ్మాయి."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"అయితే అస్సలు తీయకు."

మెకానిక్ జవాబుగా గ్రైండర్ ఆన్ చేశాడు. ఆ రొదలో ఆమె ఇంకా ఏదో చెప్పింది. వినపడలేదు. వినాలనీ అనిపించలేదు.

సాయంత్రానికి పలక పాత ఇనుము వాడి తోపుడు బండెక్కి వెళ్లిపోయింది.

వారానికల్లా ఏనుగు జింకయింది. కాకపోతే, వేగం అరవై దాటగానే ఆ జింక కుడివైపుకి లాగసాగింది.

టైర్లు మార్చాడు. బేరింగులు మార్చాడు. లాగుతూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దావిడ మాట. ఆరు కిలోల ఇనుప ముక్క ఇంకోటి తెచ్చి కట్టాడు. పైన కడితే ఊగింది. కింద కడితే లాగింది.

ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. బండి రెడీయేగా?"

"దాదాపు."

"దాదాపు అంటే?"

"రెడీకి దగ్గరి చుట్టమే అమ్మా."

కూతురు నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. బండి ఇవ్వనంటే అల్లుడితో తగువు. ఇస్తే, వెనక సీట్లో కూతురు.

అల్లుడు బండి కొన్న ఇంటి చిరునామా పట్టుకుని పరుగెత్తాడు.

తలుపు తీసింది ఒక ముసలాయన. లోపల మంచం మీద ఆ పెద్దావిడ. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది.

"మొన్న ఆదివారం," అన్నాడాయన. "కుడిచెయ్యీ, మాటా రెండూ పోయాయి. రా, కూర్చో."

మెకానిక్ కూర్చోలేదు. ఆమెకి ఒక నమస్కారం పెట్టి, చప్పున ఆయనవైపు తిరిగాడు.

"సార్, మీరే దిక్కు. ఆ పలక సరిగ్గా ఎంత బరువు? ఏ ఎత్తున, ఏ వాలున బిగించారు? రేపు మా అమ్మాయి ఎక్కుతుంది సార్!"

మంచం మీద ఆమె పెదవులు కదిలాయి. కదులుతూనే ఉన్నాయి. శబ్దం మాత్రం రాలేదు.

"నన్నడుగుతావేంటి బాబూ," అన్నాడు ముసలాయన, ఆమె దుప్పటి సర్దుతూ, "నాకు సైకిలు తొక్కడం కూడా రాదు, ఇరవై రెండేళ్లూ ఆ బండి తోలిందీ, పడ్డప్పుడల్లా బాగుచేసుకుందీ ఆవిడే, నేను వెనక మ్యాపు పట్టుకుని కూర్చున్నానంతే."