వెంట్రుకవాసి

మూరెడు పొడవున్న రైలింజను ఉప్పు బస్తా మీద కూర్చుని పద్నాలుగు నెలలైంది.

బాయిలరుంది, చక్రాలున్నాయి, పొగగొట్టముంది. నిప్పు రాజేస్తే నీళ్ళు మరిగి ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరితో చక్రాన్ని తిప్పాల్సిన సిలిండరు ఒక్కటే లేదు.

ఇంజను వరహాలరావుది. వాల్తేరు షెడ్డులో ముప్ఫై ఏళ్ళు రైళ్ళు తోలి, పంతొమ్మిది వందల ఇరవై నాలుగులో ఉద్యోగం దిగిపోయి, అరకు సంత పక్కన ఉప్పూ కిరసనాయిలూ అమ్ముకుంటున్నాడు. ఈ కొండల్లోకి రైలెలాగూ రాలేదు, నేనే ఒకటి చేసుకుంటానని పట్టుబట్టాడు. పిచ్చి ముదిరిందన్నారు జనం. అననీ!

సరుకులిచ్చేవాళ్ళ పుణ్యమా అని సగం ప్రాణం ముందే పోయింది. చక్రాలు పోసిన విజయనగరం మేస్త్రి ఏడాది తిప్పి, తీరా మూడే పంపాడు; నాలుగోదానికి మళ్ళీ తిప్పాడు. బాయిలరు అతికిన రేకులవాడు పెళ్ళని ఒకసారి, జ్వరమని ఒకసారి. వాళ్ళందర్నీ సహించాడు.

సిలిండరు పోయాల్సిన సుక్రు దగ్గరికొచ్చేసరికి ఓపిక చచ్చింది.

ఎందుకంటే వరహాలరావుకి ఇక టైము లేదు. ముప్ఫై ఏళ్ళు ఇంజను పొయ్యిలో మంట చూసిన కళ్ళు. ఎడమది మొన్న శివరాత్రికి పోయింది. కుడిదానిలోనూ నరం ఎండిపోతోందనీ, దీపావళి దాటడం కష్టమనీ విశాఖపట్నం డాక్టరు చెప్పేశాడు.

ఇంజను కదలడం ఒక్కసారి చూడాలి. ఆ తర్వాత ఏమైనా కానీ.

సుక్రు కొండ మీద ఇత్తడి పోసేవాడు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పట్టించి, కాల్చి మైనం కరిగించి, ఆ గుల్లలో ఇత్తడి పోస్తాడు. దీపపు కుందులు, గజ్జెలు, గంటలు. అతని పనికి వంక పెట్టినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

వరహాలరావు టేకుతో సిలిండరు నమూనా చెక్కి ఇచ్చాడు. వేలు చూపించి మరీ చెప్పాడు.

"అచ్చం ఇలాగే ఉండాల్రా. ఎంట్రుకవాసి తేడా వచ్చినా నాకొద్దు."

"వచ్చే సంతకి ఇచ్చెత్తాను బాబూ" అన్నాడు సుక్రు.

ప్రతి సంతకీ అదే మాట.

ఆ రోజు పొద్దున్నే కొట్టు మూసి, కర్ర పట్టుకుని కొండెక్కాడు వరహాలరావు. దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాడు. రెండుసార్లు రాయి తన్నుకుని పడబోయాడు. ఆ రాళ్ళనీ తిట్టాడు.

"ఏటిరా సుక్రూ! నన్ను మనిషిననుకున్నావా, కుక్కననుకున్నావా? ఇన్ని సంతలు తిప్పుతావా? సేతకాకపోతే సేతకాదని సెప్పి ఏడవచ్చు కదరా!"

సుక్రు కొలిమి దగ్గర్నుంచి లేచాడు. లోపలికెళ్ళి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చి వాకిట్లో గుమ్మరించాడు.

సిలిండర్లు. ఒకటి కాదు, తొమ్మిది.



"పోత సెడిందని బయటికి సెప్తే కొలిమి అలుగుతాదంటారు బాబూ, మా ఇంట్లో. అందుకే సెప్పలేదు" అన్నాడు సుక్రు. "తొమ్మిదిసార్లు పోసినాను. మైనం సరిగ్గానే ఉంటాది. ఇత్తడయ్యేసరికి ఎంట్రుకవాసి తగ్గిపోతాది. నా సెయ్యి సెడిపోనాది. మా అయ్య సెయ్యి ఇలగుండేది కాదు. ఇంక పోత మానేసి కూలికెల్లిపోతాను."

వరహాలరావు వాటి ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కటీ తీసి వేళ్ళతో తడిమాడు. చిల్లు లేదు, గరుకు లేదు. అంత శుభ్రమైన పోత షెడ్డులో కూడా చూసెరగడు.

తొమ్మిదీ ఒకే కొలత.

అప్పుడు గుర్తొచ్చాడు, వర్క్‌షాపులో అచ్చులు చెక్కే ముసలి మేస్త్రి. ఆయన అడుగుబద్ద అసలు అడుగు కంటే రవ్వంత పొడుగుండేది. దొంగబద్దని నలుగురిలో ఎగతాళి చేశాడు వరహాలరావు.

"పోసిన లోహం సల్లారితే ముడుసుకుంటాది నాయనా. ముందే పెంచి సెక్కాలి" అన్నాడాయన.

వింటేగా! నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

కుందికి కొలత ఎవరడుగుతారు? సుక్రుకి తెలిసే దారే లేదు. తెలియాల్సింది నమూనా చెక్కినవాడికి.

నమూనా ఇచ్చిననాడు, పద్నాలుగు నెలల కిందట, రెండు కళ్ళూ ఉండేవి.

చెప్పకపోతే సుక్రుకి ఎప్పటికీ తెలియదు. వరహాలరావు చేతిలోని సిలిండరు కింద పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"ఒరే సుక్రూ. తప్పు నాది. నమూనాయే సిన్నది సెక్కాను. ఇత్తడి సల్లారితే తగ్గుతాదని తెలిసీ మర్సిపోనాను."

సుక్రు ఒక సిలిండరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"అయితే నా సెయ్యి సెడలేదా బాబూ?"

"లేదురా! నీ సెయ్యి బంగారం."

సుక్రు ముఖం ఎలా ఉందో వరహాలరావుకి సరిగ్గా కనబడలేదు. లోపలికి కేకేసి పెళ్ళానికి తమ భాషలో ఏదో చెప్పడం మాత్రం వినబడింది. లోపలి నుంచి ఆవిడ నవ్వింది.

అప్పటికప్పుడు మైనం ముద్ద తెచ్చి నమూనా ముందు కూర్చున్నాడు సుక్రు.

"దీనికంటే ఎంత పెంచాలి బాబూ?"

వరహాలరావు జేబులోంచి స్కేలు తీసి కుడి కంటికి దగ్గరగా పట్టాడు. దూరం జరిపాడు. మళ్ళీ దగ్గరగా పట్టాడు. గీతలన్నీ కలిసిపోయాయి.

స్కేలు జేబులో పెట్టేసి, బొటనవేలి గోరు చూపించాడు.

"ఈ గోరు మందం."

"వచ్చే సంతకి ఇచ్చెత్తాను బాబూ. ఈసారి ఒట్టు."

ఇన్నాళ్ళూ ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. ఈసారి మండలేదు.

"పొద్దున్నే తేరా" అన్నాడు, కర్ర కోసం నేలంతా తడుముకుంటూ. "ఎలుతురుండగా."