పటంలో మామగారు

అచ్చాయమ్మ డాక్టర్ హారిక గదిలోకి వస్తూనే పైట నిండుగా కప్పుకుని, తలుపు పక్కన ఒదిగి నిలబడిపోయింది.

"కూర్చోండమ్మా" అంది హారిక.

"ఆయన ముందా? మా మామగారండి!"

గోడకున్నది చర్మం ఒలిచిన మనిషి పటం, పాతకాలపు చేతిబొమ్మ. కండలూ పేగులూ బయటపడినా మీసాలు మాత్రం మెలితిరిగే ఉన్నాయి.

"ఆ బొమ్మ వేసిన మాణిక్యాలరావుగారిది మా పక్కిల్లేనండి. మొహం కోసం మామగారిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. పోయేదాకా ఆయన నన్ను ఒక్కసారైనా 'తిన్నావా' అని అడగలేదండి."

ఆవిడ భయం పోగొడదామని హారిక వేలితో చూపించింది. "ఇది లివరు. ఇవి ఊపిరితిత్తులు. అందరికీ ఉండేవే."

అచ్చాయమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది. "మరి ఆ ఎర్రటిదేంటండి?"

"గుండె."

అచ్చాయమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"అయితే ఉండేదన్నమాటండీ!"