డబ్బా మీద బొత్తాం

తలుపు చప్పుడైంది.

“వచ్చాడు నీ చుట్టం,” అంది అత్త మంచం మీంచే.

కోడలు కుట్టుమిషన్ ఆపి, విసుక్కుంటూ లేచింది.

గుమ్మంలో డబ్బా తాత. చేతిలో చిన్న రేకు డబ్బా. మెట్ల కింద గదిలోకి ఈమధ్యే ఎక్కణ్ణించో వచ్చి చేరాడు. ఎవరి తాలూకో, ఏం చేసేవాడో అడిగే తీరిక ఆ మేడలో ఎవరికీ లేదు. ఉన్న తీరికంతా కొట్ల ముందు క్యూలకే సరిపోతోంది.

“ఒక చెంచాడు పులిసిన పిండి పెడతావా తల్లీ?”

కొట్లలో ముందు రొట్టె కనబడటం మానేసింది. తర్వాత ఈస్టు మాయమైంది. రేషన్లో ఇచ్చే ముతక పిండి తెచ్చుకుని ఎవరి రొట్టె వాళ్ళే కాల్చుకుంటున్నారు. పెరుగుకు తోడు మిగుల్చుకున్నట్టు, కలిపిన పిండిలోంచి ప్రతిసారీ కాస్త తీసి మర్నాటికి దాచుకోవాలి. అది పోయిందా, రొట్టె పొంగదు. పొంగని రొట్టె అట్టముక్కే. పళ్ళూడిన అత్త దాన్ని నమల్లేదు. పోనీ అని జావ కాచి పోస్తే కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేది. పులిసి పొంగిన రొట్టె ఒక్కటే ఆవిడకి ఇమిడేది.

కోడలు చెంచాడు పిండి డబ్బాలో విదిల్చింది.

తాత వెంటనే కదల్లేదు. గడప దగ్గర రాలిన బొత్తాం ఒకటి వంగి తీసుకున్నాడు.

“ఇది నేనుంచుకోనా?”

“ఉంచుకోండి.”

తలుపు వేశాక అత్త కిసుక్కున నవ్వింది.

“పిండంటే జావ కాచుకుంటాడు. బొత్తాం కూడా కాచుకుంటాడంటావా?”

“ఉడికితే మనకీ కాస్త పంపమందాం అత్తయ్యా.”

ఆ వారం మొత్తంలో వాళ్ళిద్దరూ నవ్వింది అప్పుడే.

తాత అన్ని ఇళ్ళకీ అలాగే తిరిగేవాడు. రెండు మూడు రోజులకోసారి వచ్చి, చెంచాడు అడిగి, తీసుకుని వెళ్ళిపోయేవాడు.

ఒకసారి రేషన్లో పిండి సగమే ఇచ్చారు. మళ్ళీ ఎప్పుడో చెప్పలేదు.

ఆ మర్నాడే తాత వచ్చాడు. చొక్కాలో మనిషున్నాడా లేడా అన్నట్టున్నాడు.

“మాకే లేదు పెద్దాయనా. ఇంక రాకండి.”

“చెంచాడేనమ్మా...”

“చెంచాడుకి మీ కడుపు నిండుతుందా? నిండదు. మా ముసలావిడకి మాత్రం ఒక ముద్ద తగ్గిపోతుంది.”

తాత ఏదో చెప్పబోయాడు. ఇంకాసేపు ఆ ముఖం చూస్తే మనసు కరుగుతుందని కోడలు తలుపు వేసేసింది.

“అంత కటువుగా అనాలా?” అంది అత్త.

“మెత్తగా అంటే రేపూ వస్తాడు.”

రాలేదు.

కోడలికి పొదుపు రుచి తెలిసింది. దాచే పిండిలోంచి కూడా కాస్త కాస్త తీసి పెనం మీద పోసి అత్తకి పెట్టేది. ఒక పొద్దున అత్త తినేసి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. కోడలు గిన్నెని వేలితో తుడిచి మరీ పోసింది.

గిన్నె కడిగి బోర్లించాక గాని, తానేం చేసిందో తట్టలేదు.

కొత్తగా పులియబెట్టాలంటే రోజులు పడతాయి. దానికి బోలెడు పిండి వృథా చెయ్యాలి. అంత పిండే ఉంటే ఈ ఏడుపెందుకు?

ఆ పూట రొట్టె పొంగలేదు. అత్త ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించింది. చప్పరించి చప్పరించి, మెల్లగా తీసి పళ్ళెంలో పెట్టేసింది.

“ఆకలిగా లేదమ్మాయ్.”

ఆ అబద్ధం కోడలి గుండెని పిండేసింది. గిన్నె పట్టుకుని తలుపు తలుపూ తట్టింది.

“మాకే లేదు,” అన్నారు అందరూ. తను తాతతో అన్న మాటే.

ఇక మిగిలింది మెట్ల కింద గది. ఆ డబ్బా అడుగున ఏమైనా అంటుకుని ఉండకపోతుందా అనుకుంది. ఏ ముఖం పెట్టుకుని అడగాలో తెలియకుండానే దిగింది.

గది తలుపు తీసే ఉంది. సైకిళ్ళు బాగుచేసే పొరుగింటి అతను లోపల దుప్పటి మడతపెడుతున్నాడు.

“తాత లేడా తమ్ముడూ?”

“పొద్దున పోయాడక్కా. తిండి లేక పోయాడన్నాడు డాక్టరు.”

కోడలు గదిలోకి అడుగుపెట్టింది.

కిటికీ గూట్లో రేకు డబ్బాలు వరసగా ఉన్నాయి. ప్రతి దాని మూతికీ తడిగుడ్డ కట్టి ఉంది. ఒకదానికి సైకిల్ ట్యూబు ముక్క వేలాడుతోంది. ఒకదానికి సుద్దముక్క, ఇంకోదానికి తాళంచెవి.

చివరిదానికి బొత్తాం.

ఆ గుడ్డని లోపల్నించి పిండి పైకి నెడుతోంది. బుడగలు బుడగలుగా పులిసి, పొంగి ఉంది.

“నేనివ్వడం మానేసి చాన్నాళ్ళయింది కదా,” అంది కోడలు.

“అయితేనేం? ఉన్నదానికే రోజూ కాస్త పిండి కలిపి బతికించాడు. ఎవరింట్లో తోడు పోతే వాళ్ళది వాళ్ళకివ్వాలని. మాది పాడైతే ఇక్కణ్ణించే పట్టికెళ్ళా. ఆయన రేషనంతా వీటికే పోసేశాడక్కా.”

గోడ మేకుకి ఖాళీ పిండిసంచి వేలాడుతోంది, తిరగేసి దులిపినట్టుంది.

“నేను... జావ కాచుకుంటున్నాడనుకున్నా.”

“దేనిమీద కాస్తాడక్కా?”

కోడలు గది నాలుగు మూలలా వెతికింది. చాప ఉంది, చెంబు ఉంది, పొయ్యి లేదు.