ఇంటికి ఒక్క పెట్టె

"ఈ ఏడాది రానన్నావుగా?" అన్నాడు గస్, మడతకుర్చీ విప్పుతూ.

"అన్నాను," అన్నాడు రోలండ్.

"పోయినేడు ఇదే చోట నిలబడి మరీ ఒట్టేశావు."

"వేశాను. అయితే ఏంటంట?"

గస్ క్యూ ముందు వైపు ఒకసారి చూశాడు. ఫ్లాస్కులోంచి కాఫీ వంచి చేతికిచ్చాడు.

ఏప్రిల్ మొదటి శనివారం, పొద్దున్న ఏడు గంటలు. వెర్మాంట్‌లో బురద ఇంకా గడ్డకట్టే ఉంది. పాత పశువుల కొట్టంలో నడిచే ఆ చిన్న బ్రూవరీ ముందు అప్పటికే రెండొందల మంది చేరారు. 'ఆఖరి మంచు' అనే నల్ల బీరు. మేపుల్ పాకం నిలవుంచిన పీపాల్లో మాగేస్తారు. ఏడాదికి ఈ ఒక్క పూటే అమ్ముతారు. తలుపు తెరిచేది తొమ్మిదికి.

రోలండ్‌కి ఇప్పుడు బీరు పేరెత్తితేనే విసుగు. పదిహేనేళ్లు దాని వెనకాలే పడ్డాడు. మెయిన్ రాష్ట్రంలో ఎక్కడో కొత్తది దిగిందంటే చాలు, నాలుగు గంటలు కారు తోలేవాడు. ఇరవయ్యో పెళ్లిరోజున కోలెట్‌ను రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, పక్కూరి క్యూలో మూడు గంటలు నిలబడ్డ ఘనుడు. తెచ్చినవి తాగాడా అంటే అదీ లేదు. మంచి రోజు చూసి తాగుదామని బేస్‌మెంట్‌లో దాచాడు.

"తాగం కదా రోలీ, మరెందుకు కొంటున్నాం?" అని ఒకసారి కోలెట్ అడిగింది. ఆమెకు నచ్చింది ఈ 'ఆఖరి మంచు' ఒక్కటే. మిగతాదంతా అతని పిచ్చి.

"దొరకదు కాబట్టి," అన్నాడు. ఎంత గొప్ప జవాబు చెప్పానో అనుకున్నాడు కూడా.

నిన్న ఆ సీసాలన్నీ బయటికి తీశాడు. నూట నలభై. మొదటిది మూత తీసి నోట్లో పోసుకుంటే తడిసిన అట్టపెట్టె నమిలినట్టుంది. రెండోదీ అంతే. పదోదీ అంతే. అన్నీ సింకులో ఒంపేశాడు. ఒంపుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. అది బీరు కోసం కాదు.

ఆ సంగతే ఇవాళ కోలెట్‌కి చెప్పాలి. బేస్‌మెంట్ ఖాళీ చేశాను, ఇక అయిపోయింది, అని. అంతకంటే ఏం లేదు. అది చెప్పడానికే వచ్చాడు.

కోలెట్ అతనికి పదకొండు మంది ముందు నిలబడి ఉంది. ఎర్ర ఉన్ని టోపీ.

ఇక్కడ ఇంటికి ఒక్క పెట్టే ఇస్తారు. కౌంటర్‌లో డోరిస్ అనే పెద్దావిడ డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా చదివి మరీ ఇస్తుంది. ఆ నియమం పెట్టిన ఏడాదే కోలెట్ ఒక ఆట కనిపెట్టింది. ఎవరి కారులో వాళ్లు రావాలి. మధ్యలో పదిమందిని వదిలి నిలబడాలి. ఒకరికొకరు ఎవరో తెలియనట్టు ఉండాలి. అతను లైసెన్సు చూపిస్తాడు, ఆమె పాస్‌పోర్టు చూపిస్తుంది. అమెరికా పాస్‌పోర్టు మీద ఇంటి చిరునామా అచ్చువేయరుగా! ఎవరూ చూడకుండా కోలెట్ తన ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాగేది. రోడ్డవతల డైనర్‌లో కలుద్దామని దానర్థం. రెండు పెట్టెలూ బల్ల కింద దాచి, పాన్‌కేకులు తింటూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుకునేవాళ్లు.

ఇవాళ ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఎరగనట్టు ఉండటం ఎంత బాగా వచ్చేసిందో ఆమెకు. వెనకాలున్న ఆకుపచ్చ జాకెట్ మనిషితో ఏదో చెప్పి నవ్వుతోంది. అతను తన గ్లాసులోది ఆమెకు రుచి చూపించాడు. క్యూలో అది మామూలే, అందరూ అందరివీ తాగుతారు. ఆ నవ్వు వింటూ రోలండ్ కాఫీ చల్లారబెట్టుకున్నాడు.

"పదవోయ్, ఇంటికి పోదాం," అన్నాడు గస్ మెల్లగా. "నీకిది మంచిది కాదు."

"నేను తాగడానికి రాలేదులే."

"తెలుసు. అందుకే అంటున్నా."

అంతలో ఆమె చెయ్యి పైకి లేచింది. రోలండ్ కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె టోపీని చెవుల మీదికి లాక్కుని చెయ్యి దించేసింది.

తొమ్మిదికి తలుపు తెరిచారు. వరస లోపలికి కదిలింది. కౌంటర్ దగ్గరి మాటలు వినబడేంత దగ్గరికి వచ్చారు. కోలెట్ వంతు వచ్చింది. సంచిలోంచి తీసింది పాస్‌పోర్టు కాదు, లైసెన్సు.

పాస్‌పోర్టు లేదంటే ఆట లేనట్టే.

డోరిస్ కళ్లజోడు సర్దుకుని చిరునామా చదివింది. తలెత్తి వరసలో ఉన్న రోలండ్ వంక చూసింది. పెట్టె తీసి కోలెట్ చేతుల్లో పెట్టింది.

కోలెట్ పెట్టె పట్టుకుని పక్కకి జరిగింది, కానీ బయటికి వెళ్లలేదు. ఎవరికోసమో ఆగినట్టు గోడవారగా నిలబడింది. రోలండ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎర్ర టోపీ కిందున్న ఆ ఎడమ చెవినే చూస్తూ ఉండిపోయాడు.

ఆకుపచ్చ జాకెట్ మనిషి ముందుకొచ్చి తన లైసెన్సు ఇచ్చాడు. డోరిస్ అది చదివి, అతని చేతిలోనే తిరిగి పెట్టింది.

"ఇంటికి ఒక్కటే బాబూ, మీ ఇంటి పెట్టె మీ ఆవిడ ఇప్పుడేగా తీసుకుంది."