నిండిన విమానం

“మళ్ళీ చెప్పు. విమానం అక్కడ ఆగాక ఏం చేస్తావు?” పాలసీసా సంచిలో సర్దుతూ అడిగాడు భర్త.

“ఏమీ చెయ్యను. అందరూ దిగిపోయినా సీట్లోంచి లేవను. అదే సీట్లో తిరిగి వచ్చేస్తాను.”

“ఎవరైనా అడిగితే?”

“అక్క వాళ్ళింటికి వెళ్తున్నానంటాను. నాకు అక్క లేదు కదండీ.”

“ఇవాళ్టికి ఉందనుకో.”

అతను నవ్వలేదు. ఆమెకూ నవ్వు రాలేదు. పాప మాత్రం కొత్త గౌను వేసుకున్న సంబరంలో ఇల్లంతా గిరగిరా తిరుగుతోంది.

అతనిది ఒక విమాన కంపెనీ షెడ్డులో చక్రాలూ బ్రేకులూ చూసే పని. పెళ్ళిచూపుల్లో ఆ కంపెనీ పేరు చెబితే చాలు, అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ కంపెనీ తిరిగే దారిలోనే పరాయి దేశపు విమానాలు దిగాక రోజులు తలకిందులయ్యాయి. వాళ్ళ వెనక ఒక ప్రభుత్వమే ఉంది. ఎంత నష్టమొచ్చినా ఆ ఖజానా పూడుస్తుంది. బస్సు చార్జీకి విమానం ఎక్కిస్తామంటే జనం ఎందుకు మానుకుంటారు? ఈ కంపెనీ విమానాలు బోసిపోయాయి. షెడ్డులో ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్నారు.

ఇప్పుడిక ఆఖరి ముడి. పొద్దుటి విమానం పోనూ రానూ నిండుగా ఉందో లేదో ఇవాళ ఒక అధికారి వచ్చి తలలు లెక్కపెడతాడట. నిండకపోతే ఆ పొద్దుటి టైము పరాయి కంపెనీకి ఇచ్చేస్తారట. ఆ టైము పోతే షెడ్డుకి తాళమే.

నిన్న మేనేజరు ఆమె భర్తను చాటుకి పిలిచాడు. “నిన్నొక్కణ్ణే నమ్మి చెబుతున్నా. స్టాఫ్ పాసు మీద మీ ఆవిణ్ణీ పాపనూ ఎక్కించు. అక్కడ దిగితే మళ్ళీ ఎక్కే వ్యవధి ఉండదు, కూర్చునే ఉండమను. మూడో మనిషికి తెలియకూడదు.”

“మా ఇద్దరితో విమానం నిండుతుందా అండీ?” అని రాత్రి భర్తను అడిగింది ఆమె.

“నిండదు. అంతమందిలో నన్నే అడిగాడు. కాదనలేకపోయాను.”

స్టాఫ్ పాసు మీదైతే సీట్లు మిగిలితేనే ఎక్కనిస్తారు. మంచి రోజుల్లో అమ్మను చూడ్డానికని సంచులు సర్దుకుని వెళ్ళి, ఖాళీ లేదనిపించుకుని ఉసూరుమంటూ ఇంటికొచ్చేవాళ్ళు. ఇవాళ కూడా ఆ మాటే అంటే ఎంత బాగుండునో అనుకుంది. కౌంటరులోని అమ్మాయి తలెత్తకుండా రెండు సీట్లు ఇచ్చేసింది.

ఆమె గుండె రాయి చేసుకుని విమానం తలుపు దాటింది. దాటి, అక్కడే నిలబడిపోయింది.

ఎక్కడ చూసినా తలలే.

ఫోను తీసింది. “ఏమండీ, నిండిపోయిందండీ.”

“ఎవరితో?”

“జనమండీ. మామూలు జనం. మనవాళ్ళ విమానమే ఎక్కారు.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను మధ్య సీట్లో కూర్చుంది. నడవ వైపు సీట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. అధికారి వేలితో గాలిలో పొడుస్తూ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. తనిఖీకి ఎవరో వచ్చినప్పుడు బడిపిల్లలు కూర్చున్నట్టు జనమంతా నిటారుగా కూర్చున్నారు. ఆయన వేలు తన మీదికొచ్చినప్పుడు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంతమంది అసలు ప్రయాణికుల మధ్య తనొక్కతే దొంగ సరుకు.

విమానం లేచేటప్పుడు పాప చెవులు పట్టుకుని ఏడ్చింది. పెద్దాయన జేబులోంచి చాక్లెట్ తీసి, “చప్పరించు బంగారం, సర్దుకుంటుంది,” అన్నాడు.

“ఎక్కడిదాకా బాబాయిగారూ?”

“మా తమ్ముడింటికమ్మా. నువ్వో?”

“అక్క వాళ్ళింటికండీ.” మళ్ళీ ఆమే అడిగింది. “సామానేమీ తెచ్చుకోలేదే?”

“పూట పనే తల్లీ.” ఆయన జేబురుమాలు మడత విప్పి, మళ్ళీ మడిచాడు. “మీ అక్కకు పిల్లలా?”

“ఇద్దరండీ,” అంది. లేని అక్కకు పిల్లల్ని కూడా పుట్టించినందుకు నాలుక కరుచుకుంది.

విమానం పక్కకు వాలి తిరుగుతుంటే కిటికీలోంచి పాప చూపించింది. కింద రన్‌వే పక్కన పరాయి కంపెనీ విమానం, పైనుంచి చూసినా మేడంత కనిపిస్తూ, తళతళలాడుతోంది.

ఆమె ఉండబట్టలేకపోయింది. “బాబాయిగారూ, ఏమనుకోకండి. వాళ్ళ టిక్కెట్టు ఇందులో సగం కూడా లేదట కదా. మరి మీరు ఇది ఎందుకెక్కారు?”

ఆయన చూపు ముందు సీటు వైపు తిప్పుకున్నాడు. “ఇదీ బతకాలిగా తల్లీ.”

ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. పాప పాలు తాగుతుంటే జుట్టు నిమురుతూ, చాలా నెలల తర్వాత రేపటి గురించి ఆలోచించింది. షెడ్డు ఉంటుంది. ఆయన రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకోవడం మానేస్తాడు. పాపను బడిలో వేయొచ్చు. ఇలాంటి మనుషులు ఇంతమంది ఉండగా ఎవడొచ్చి ఏం చేస్తాడు?

విమానం దిగింది. ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఎయిర్‌హోస్టెస్ మైకు పట్టుకుని, “ప్రయాణికులు ఇక దిగవచ్చు,” అంది. ఎవరి వంకా చూడకుండా తలుపు వైపు నడిచింది.

ఇక జనమంతా ఒకరినొకరు తోసుకుంటూ వెళ్ళిపోతారు. ఖాళీ విమానంలో తనూ పాపా దొరికిపోయినట్టు మిగులుతారు. ఆ సిగ్గుకి ముందే తల వంచుకుని, పాపను ఒళ్ళోకి లాక్కుంది.

“వెళ్ళి రండి బాబాయిగారూ.”

పెద్దాయన బెల్టు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేశాడు. తలుపు తెరుచుకుంది. బయటి వెలుగు నడవ పొడుగునా పరుచుకుంది.

ఒక్కరూ లేవలేదు.