బుట్టలో ముద్ర గుడ్లు

చంటిపిల్లల బడి బాలవాడిలో ఓ మూలనున్న బుట్టలో ఐదు గుడ్లుండాలి. శుక్రవారం పొద్దున పొదుగుతున్న కోడి నీళ్లు తాగడానికి లేచినప్పుడు వడివు టీచర్ లెక్కపెడితే పద్నాలుగున్నాయి.

ఎక్కువైన తొమ్మిదింటి మీదా నీలం ముద్ర ఉంది. పిల్లల భోజనానికి సర్కారు పంపే గుడ్ల మీద ఉండే ముద్ర అది. బజార్లో ఎవరూ అమ్ముకోకుండా వేస్తారు.

టీచర్‌కు ఒళ్లు మండింది. ఇది పేచ్చియమ్మ పనే!

అనుకోదూ మరి? ఆ కోడి పేచ్చియమ్మదే. ఇరవై రెండేళ్లుగా బాలవాడిలో ఆయా ఆవిడే, వంటా, ఊడ్పూ ఆవిడవే. ప్రాణమున్న వాటిని పిల్లలకు దగ్గరగా చూపించి, చేత్తో తాకించి నేర్పాలని పైనుంచి కాగితం రాగానే, "నా పెట్ట పొదుగుకొచ్చింది, తెస్తానుండండి" అని తనే ముందుకొచ్చింది. బుట్టలో గడ్డి పరిచింది. దిష్టి తగలకుండా ఇనపముక్క, ఎండుమిరపకాయ వేసింది. తనింటి గుడ్లు ఐదు పెట్టి కోడిని కూర్చోబెట్టింది. ఇరవై ఒక్క రోజులు వెచ్చగా కూర్చుంటే గుడ్డు పిల్లవుతుందని టీచర్ పాఠం చెప్పింది. రోజుకిద్దరు పిల్లలు నూకలు, నీళ్లు పెట్టాలి. ఆ వంతు కోసం కొట్టుకు చచ్చేవాళ్లు.

పుట్టిన పిల్లలన్నీ పేచ్చియమ్మకే. అదీ మాట. గుడ్లు సర్కారువి, కోళ్లు ఆవిడవి. బాగుంది కదూ బేరం!

కానీ ఎలా తీసిందన్నదే అంతు చిక్కలేదు. సరుకుల కొట్టు తాళం టీచర్ దగ్గరే ఉంటుంది. లోపల అట్టల్లో గుడ్లు లెక్కకు సరిగ్గా ఉన్నాయి. పిల్లల పళ్లాలు రోజూ ఖాళీగానే వస్తున్నాయి.

ఇసక్కి వాళ్లమ్మ వచ్చి ఆ చిక్కు కూడా విప్పేసింది.

"మా పిల్ల ఇంటికొచ్చి ఆకలి ఆకలని నా ప్రాణం తోడేస్తోంది టీచర్. గుడ్డు పెడుతున్నారా, చూపించి లోపల దాచేస్తున్నారా?"

వెనకే మరో ఇద్దరు తల్లులు అదే పాట. టీచర్ నాలుగేళ్ల ఇసక్కిని దగ్గరకు తీసుకుంది.

"నిజం చెప్పు తల్లీ. ఆయా నీకు గుడ్డిచ్చిందా?"

"ఇచ్చింది."

"తిన్నావా?"

ఇసక్కి వంటగది వైపు చూసింది. నేల వైపు చూసింది.

పసిదాన్ని ఎంతగా బెదిరించి ఉంటుందో! తక్కువ వండి, తలా సగం పంచి, మిగిలిన పచ్చి గుడ్లు కోడి కిందికి తోసేసి ఉంటుంది. ఇంకేం తేలాలి? ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కు చెప్పేసింది.

సూపర్‌వైజర్ తంగపుష్పం మేడమ్ గంటలో మోపెడ్ మీద దిగింది. వస్తూనే బుట్ట బయట పెట్టించింది. కోడి రెక్కలు విదిల్చి నానా యాగీ చేసింది.

"ఏంటమ్మా ఇది? పసిపిల్లల నోటికాడి కూడు లాక్కుంటావా?"

"నా మొగుడి మీద ఒట్టు, నాకేం తెలీదు మేడమ్!" అంది పేచ్చియమ్మ. "ఇవి ఫారం గుడ్లు. పుంజు మొహమే చూడని కోళ్లవి. వీటిల్లో పిల్లలు పుడతాయా? పైగా పద్నాలుగంట! బేసి లెక్కన కాకుండా సరి లెక్కన ఎవరైనా పొదగేస్తారా? చంటిపిల్లనడిగినా చెబుతుంది."

"అయితే గుడ్లు నడిచొచ్చాయా?" అంది టీచర్.

పేచ్చియమ్మ గిర్రున తిరిగింది. "కొట్టు తాళం ఎవరి దగ్గరుంది టీచరమ్మా? మీ ఆడపడుచు నా పని మీద కన్నేసిందని ఊరంతా తెలుసు. మీరే పెట్టి నన్ను పట్టించారు!"

"నోర్ముయ్! పరువు తీస్తావా?"

ఇద్దరూ జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. తల్లులు గుమ్మంలో మూగారు. "మొదట్నుంచీ నాకు అనుమానమే" అంది ఒకామె. ఎవరి మీదో మాత్రం చెప్పలేదు.

మేడమ్ సంచిలోంచి కాగితం తీసింది. పేచ్చియమ్మ రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదని రాసింది. ఇక సంతకమే మిగిలింది. పేచ్చియమ్మ కూలబడిపోయింది. మొగుడు మంచంలో ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పని మీదే.

"మేడమ్, సంతకం పెట్టే ముందు ఒక్కటి పగలగొట్టి చూడండి. అందులో పిల్ల పడిన గుర్తు కనిపిస్తే నన్ను పోలీసులకే పట్టివ్వండి" అంది ఏడుస్తూ.

మేడమ్‌కు అది న్యాయంగానే తోచింది. ముద్ర గుడ్డొకటి చేతిలోకి తీసుకుంది.

అంతే, పిల్లలు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఇసక్కి పరుగెత్తుకొచ్చి మేడమ్ చీర పట్టుకుని వేలాడింది.

"వద్దు! కొట్టొద్దు! లోపల పిల్ల బజ్జుంది!"

"పక్కకు తీసుకెళ్లండి దీన్ని" అంది మేడమ్ విసుగ్గా. పచ్చసొన చీర మీద పడకుండా కొంగు దోపుకుంది. కింద గిన్నె పెట్టించింది. గుడ్డును బల్ల అంచుకేసి కొట్టింది.

పెంకు చిట్లింది గానీ గిన్నెలో ఒక్క చుక్క కూడా పడలేదు, అది మధ్యాహ్న భోజనంలో పిల్లలకు పెంకుతోనే పెట్టిన ఉడికిన గుడ్డు.